నిటారుగా వచ్చిన కుండ

తుయ్ హోవా,
జులై 9.

బావ్ ట్రుక్ కుండల ఊరిలో ఉండే హాన్ థి దాప్ గారికి,

మిమ్మల్ని ఏమని పిలవాలో తేలక మొదటి మాట దగ్గరే పావుగంట ఆగిపోయాను. వయసు తెలియకుండా మనిషిని ఎలా పిలవడం? మే నెలలో మీ పాకకు వచ్చినప్పుడు అడగనే లేదు. మీ నడుము వంగలేదు, జుట్టు నల్లగా ఉంది, కాబట్టి నాకంటే చిన్నవారని లెక్క వేసుకున్నాను. నాది ఎలుక సంవత్సరం. నేను అక్కని, మీరు చెల్లెలు. అభ్యంతరం ఉంటే తెలియజేయండి. లేదంటే ఈ కింది వాక్యం నుంచి నువ్వు అనే రాస్తాను.

చెల్లీ, నా కుండ నాకు పంపించు.

నిన్న నీ పార్సిల్ అందింది. ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరి పోస్టాఫీసులో పార్సిళ్ళ కిటికీ దగ్గర కూర్చున్నదాన్ని, కట్టిన తీరులో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. గడ్డి దండిగా వేశావు, తాడు బిగించి కట్టావు. విప్పి చూస్తే లోపల చక్కని కుండ. నిటారుగా నిలబడింది. మూతి గుండ్రంగా, చెయ్యి దూరీ దూరనంత ముచ్చటగా ఉంది. మా కోడలు చూసి, "అత్తయ్యా, నిజంగా మీరే చేశారా?" అంది. ఆ అడగడంలోనే తెలియడం లేదూ, నేను చేయలేదని?

నేనూ మా అక్క గామూ కలిసి చేసిన కుండ ఎడమవైపుకి ఒరిగింది. పొట్ట ఒకపక్కే ఉబ్బింది. మూతి వాలుగ చేప నోరు తెరిచినట్టుందని నువ్వే పడీ పడీ నవ్వావు. అన్నిటికంటే ముఖ్యం, దాని మీద మా అక్క బొటనవేలి ముద్రలు ఉండాలి. అక్క నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఒకసారి సూది దిగి కుడి బొటనవేలి కొస నిలువునా చీలింది. ఆ వేలితో మట్టి మీద ఎక్కడ నొక్కినా గుంట మధ్యలో ఒక గీత పడుతుంది. పొట్ట చుట్టూ అలాంటివి పద్నాలుగు లెక్కపెట్టాను. ఈ కుండ మీద ఒక్కటీ లేదు.

మేమిద్దరం ఒకే కుండ ఎందుకు చేశామో నీకు తెలియదు, చెప్తాను. మే నెలలో మీ ఊరికి వచ్చిన ఆ యాత్ర బస్సులో మమ్మల్ని పక్కపక్క సీట్లలో కూర్చోబెట్టింది మా పిల్లలు, ఇరువైపులా కూడబలుక్కుని. అప్పటికి పదకొండేళ్ళుగా మాకు మాటల్లేవు. న్యా ట్రాంగ్‌లో అక్క ఎక్కినప్పటి నుంచి మీ ఊరి దాకా ఆమె కిటికీలోంచి చూసింది, నేను డ్రైవరు వీపు చూశాను. మీ పాకలో కుండ నిలబెట్టే పీట ఒకటే ఖాళీగా మిగిలిందని నువ్వు మా ఇద్దరినీ దాని ముందు నిలబెట్టావు. "మా ఊళ్ళో చక్రాలు ఉండవమ్మా. కుండ కదలదు, మీరే దాని చుట్టూ తిరగాలి. వెనక్కి, వెనక్కి నడవండి!" అన్నావు. అరవై దాటిన ఆడవాళ్ళిద్దరు ఒకే కుండ చుట్టూ వెనక్కి నడిస్తే ఏమవుతుంది? మూడో చుట్టులో గుద్దుకున్నాం.

"జరగవే, ఎనుబోతా!" అంది అక్క.

పదకొండేళ్ళలో ఆమె నాతో అన్న మొదటి మాట అది. ఎంత హాయిగా అనిపించిందో! ఆ తర్వాత ఆమె లోపలి నుంచి నొక్కితే నేను బయటి నుంచి, ఆమె బయటికి వస్తే నేను లోపలికి, అలా మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉన్నాం. తిరుగు ప్రయాణంలో బస్సు దిగబోతూ అక్క అంది: "నవంబరు పదహారున నాకు డెబ్బయ్యో ఏడు పండగ చేస్తున్నారు. కుండ కాలి వచ్చాక నువ్వే పట్టుకురా. మనం చేసిందైతేనే నా గుమ్మం తొక్కు."

అందుకని ఆ వంకర కుండే కావాలి. ఈ అందగత్తెని తిప్పి పంపమంటే పంపుతాను, తపాలా ఖర్చు నాదే. ఫోన్ చేయొచ్చు గానీ, ఫోనులో నా కోపం రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. కాగితం మీద నిలుస్తుంది.

ఇట్లు,
దో థి లువా


బావ్ ట్రుక్,
జులై 24.

లువా అక్కగారికి, మీ దాప్ రాయునది.

మీరు చెల్లీ అని పిలిచారు, నేను పలికాను. ఇంక దానికి తిరుగు లేదు.

ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. "కుండ బాగుందని తగాదాకి వచ్చిన మనిషిని ఇదే చూడ్డం" అన్నాడు. గడ్డిమోపు దించి మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాడు.

అక్కగారూ, మీకు పోస్టాఫీసు తెలుసు, నాకు నిప్పు తెలుసు. మా ఊళ్ళో బట్టీలు లేవు. ఆరుబయట కట్టెలు పేర్చి, వాటి మీద కుండలు పెట్టి, పైన గడ్డి కప్పి, మధ్యాహ్నం గాలి ఎటు తిరిగిందో చూసి అంటిస్తాం. ఎర్రగా ఉండగానే బయటికి లాగి అడవికాయల రసం చిలకరిస్తాం, ఆ నల్లమచ్చలు అలా వచ్చినవే. అంత వేడిలో ఒరిగినవి నిలబడతాయి, ఉబ్బినవి తగ్గుతాయి, వేలిముద్రలు కరిగిపోతాయి. కడుపులో నిప్పులుంటే ఎవరైనా నిటారుగా నిలబడరా? మా కుండల దేవుడు పో క్లోంగ్ చాన్ మీద ఒట్టు, అది మీ కుండే.

మా ఆయన్నే తీసుకోండి. మా చాము తెగ వాళ్ళలో పెళ్ళికొడుకే అత్తారింటికి కాపురానికి వస్తాడు. వచ్చిన కొత్తలో ఈయన అన్నిటికీ వంకరగా మాట్లాడేవాడు. నలభై ఏళ్ళు మా అమ్మ వేడి, నా వేడి తగిలాక చక్కబడ్డాడు. మీ కుండకి ఒక పూట చాలింది.

ద్రాక్ష ఈ ఏడు బాగా కాసింది. ఎండబెట్టినవి ఒక సంచి పంపుతున్నాను. కోపం మీద తింటే మరీ తియ్యగా ఉంటాయి. మీ అక్కగారి పండక్కి ఆ కుండ పట్టుకెళ్ళండి, మురిసిపోతారు.

మీ
దాప్


తుయ్ హోవా,
ఆగస్టు 5.

చెల్లీ,

ఎండు ద్రాక్ష మూడు రోజుల్లో అయిపోయింది. అనుమానం మాత్రం అలాగే ఉంది.

మా పాత పోస్టుమాస్టరు గారి అబ్బాయి ఇటుకల బట్టీ నడుపుతాడు. వాణ్ణి పిలిచి టీ పోసి అడిగాను. "అత్తా, నిప్పులో వంకర పెరుగుతుందే గానీ తగ్గదు. ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. దేవుడి మీద ఒట్టేసిన మనిషి చెప్పిందన్నాను. వాడు గ్లాసు కింద పెట్టి బట్టీకి వెళ్ళిపోయాడు.

నేను ఎందుకింత పట్టు పడుతున్నానో నీకు అర్థం కాలేదు. మా తగాదా ఎలా మొదలైందో చెప్పకపోవడం నాదే తప్పు.

పదకొండేళ్ళ కింద మా ఇంట్లో అమ్మ తద్దినం. నలభై మంది వచ్చారు. అమ్మకి ఇష్టమని మట్టిదాకలో చేప ఇగురు పెట్టాను. కొబ్బరినీళ్ళు, పులియబెట్టిన చేప రసం, మాడ్చిన పంచదార, మిరియాలు. అది మా అమ్మ చేతి వంట, ఆమె తర్వాత అక్కకీ నాకూ మాత్రమే వచ్చు. అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాప్‌స్టిక్‌లు కింద పెట్టి, నలభై మందీ వినేలా, "ఇది నువ్వు వండింది కాదు. బజారుది" అంది.

అమ్మ పీఠం ముందున్న ధూపం గిన్నె మీద చెయ్యి పెట్టి, నేనే వండానని ఒట్టేశాను. అక్క నా మొహంలోకి చూసింది. తాటాకు టోపీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి మాటల్లేవు. తద్దినాలు కూడా ఆమెవి ఆమెవే, నావి నావే. చచ్చిపోయిన అమ్మ ఒకే రోజు రెండు ఊళ్ళలో భోజనానికి పరిగెత్తాల్సి వస్తోంది.

ఇప్పుడు చూడు. నేను ఈ నిటారు కుండ పట్టుకుని న్యా ట్రాంగ్ వెళ్తాను. చుట్టాలంతా ఉంటారు. అక్క కుండ వంక చూస్తుంది. ఏమంటుందో నీకు నేను రాయక్కర్లేదు. ఆ మాట ఇంకోసారి వింటే, ఈసారి కలవడానికి మాకు పదకొండేళ్ళ ఆయుష్షు లేదు.

నా కుండ పగిలిపోతే పెంకులైనా పంపించు. పెంకుల మీదైనా వేలిముద్రలు ఉంటాయి.

లువా


తుయ్ హోవా,
సెప్టెంబరు 11.
రిజిస్టరు పోస్టు.

చెల్లీ,

నా ఉత్తరం నీకు ఆగస్టు తొమ్మిదిన అందినట్టు రసీదు నా దగ్గర ఉంది. నీ సంతకం చూశాను, అక్షరాలు కుండల్లా గుండ్రంగా ఉన్నాయి. ద్రాక్షలప్పుడు పదిహేను రోజుల్లో రాసినదానివి, ఇప్పుడు నెల దాటినా పలకడం లేదు.

కుండో, పెంకులో, మాటో, ఏదో ఒకటి పంపించు. ఇంక రెండు నెలలే ఉంది.

లువా


బావ్ ట్రుక్,
అక్టోబరు 6.

లువా చెల్లికి,

అవును, సరిగ్గానే చదివావు. నాది కోడి సంవత్సరం. నీకంటే మూడేళ్ళు పెద్దదాన్ని. జుట్టుకి రంగు వేస్తాను. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు చిన్నగా ఉంటే బేరం కుదురుతుందని, ఎవరు చెల్లీ అన్నా పలుకుతాను. ఆ అబద్ధం చిన్నది కాబట్టి ముందు చెప్పాను. ఇప్పుడు రెండోది.

నాలుగు రోజుల కింద మా కాతె పండగ అయింది. ఏడాదికొకసారి గుడిలో పో క్లోంగ్ చాన్‌కి కొత్త బట్టలు కట్టే రోజు. మట్టి తవ్వడం, కుండ చుట్టూ తిరగడం మా ఊరి ఆడవాళ్ళకి నేర్పించింది ఆయనా, ఆయన భార్యా. తమలపాకుల పళ్ళెం పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాను. తల ఎత్తలేకపోయాను. అది మీ కుండే అని ఒట్టేశాను కదా, అది నిజమే, మట్టి మీదే, కుండా మీదే. కానీ ఆయన ముందు నిలబడితే ఆ తెలివి అక్కరకి రాలేదు. "ఏంటే, నడుం పట్టేసిందా?" అని మా వదిన అడిగింది. మనసు పట్టేసిందని ఎలా చెప్పను?

జరిగింది ఇది. ఆ సాయంత్రం మీ బస్సు వెళ్ళాక పాక ఊడుస్తున్నాను. మీ కుండ పీట మీద ఉంది. ఒరిగి ఉంది. అటు చూడకూడదనుకున్నాను. చీపురు పట్టుకుని దాని పక్క నుంచి మూడుసార్లు వెళ్ళాను. నాలుగోసారికి నా చేతిలో తడిగుడ్డ ఉంది. చీపురు ఎక్కడ పడేశానో ఇప్పటికీ తెలియదు. ఎనిమిదో ఏటి నుంచి నేను కుండల చుట్టూ తిరుగుతున్నాను, లువా. వంకర కుండ కంటబడితే నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి నడుస్తాయి. లొత్తలో కాస్త మట్టి మెత్తాను. ఉబ్బిన పక్క వెదురు చట్రంతో గీశాను. వాలుగ నోరు దగ్గరికి లాగి గుండ్రం చేశాను. గుడ్డ పెట్టి నాలుగు చుట్లు తిరిగేసరికి మీ అక్క ముద్రలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. చేస్తున్నంతసేపూ కూనిరాగం తీస్తున్నానని మా ఆయన అన్నాడు. సిగ్గు లేకపోతే సరి!

మీదొక్కటే కాదు. ఏడేళ్ళుగా నా పాకలో కుండలు చేసి వెళ్ళినవాళ్ళందరివీ ఇంతే. ఎవరూ గుర్తుపట్టలేదు. అందరూ అల్మారాలో పెట్టుకుని ఫోటోలు పంపిస్తారు, నాలో ఇంత కళ ఉందని నాకే తెలియదండీ అని. నా పని చెత్తగానే ఉంటుంది, దాన్ని నాకు అలాగే ఇవ్వండి అని పట్టుబట్టినదానివి నువ్వొక్కదానివే.

పెంకులు లేవు. వంకర కుండ లేదు. నీకు తిప్పి పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇద్దరూ మళ్ళీ రండి, ఈసారి పాకకే కాదు, మా ఇంటికే రండి, మీరు వెళ్ళేదాకా నా చేతులు కట్టేయమని మా ఆయనకి చెప్తాను. క్షమించమని అడగడానికి మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ అక్క,
దాప్


తుయ్ హోవా,
అక్టోబరు 15.

గౌరవనీయులైన దాప్ అక్కగారికి,

ఇక మీదట మీరు అనే రాస్తాను. వయసుకి మర్యాద ఇవ్వడం నాకు నేర్పించారు.

మీ ఉత్తరం చదివి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. కోడలు భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. మళ్ళీ ఎలా వస్తాం? అక్కకి మోకాళ్ళు పాడైపోయాయి, మేలోనే ఆఖరి ప్రయాణం అంది. మీరు చేతులు కట్టేసుకున్నా కట్టేసుకోకపోయినా ఆ రోజు మళ్ళీ రాదు. రెండు పేజీలు మిమ్మల్ని తిడుతూ రాశాను. గట్టి తిట్లే. తర్వాత చింపేశాను.

ఎందుకు చింపానంటే, మీ ఉత్తరంలో ఆ ఒట్టు దగ్గర నేను ఆగిపోయాను.

ఆగస్టులో నేను మీకు రాసినది సగమే. ఆ తద్దినం రోజు పొద్దున మనవడికి ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డలు వేస్తూ కూర్చుని పొయ్యి మీది దాక సంగతి మర్చిపోయాను. ఇగురు బొగ్గయిపోయింది. చుట్టాలు రావడానికి గంట టైముంది. రేవు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ నీలం తలుపు కొట్లో ఒకావిడ ఇగురు అమ్ముతుంది. కొన్నాను. ఇంటికొచ్చి మాడిన దాక రుద్ది కడిగి, అందులోకి మార్చాను. పైన నాలుగు మిరియాలు చల్లాను.

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను అమ్మ ముందు ఒట్టేసింది పచ్చి అబద్ధం. మనవడికి జ్వరం అని చెప్పి ఉంటే ఆమే లేచి వచ్చి నా నెత్తి నిమిరేది. నలభై మంది చూస్తున్నారని నోరు రాలేదు. ఒకరి పార్సిల్లోది ఇంకొకరికి పోకుండా ముప్పై నాలుగేళ్ళు కాపలా కాసినదాన్ని, నా ఇంట్లో నేను చేసింది ఇదీ. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయాడు, ఆయనకీ తెలియదు. మొదటిసారి మీకే రాస్తున్నాను, అదీ మీరు ముందు చెప్పారు కాబట్టి.

కాబట్టి మిమ్మల్ని ఏ నోటితో తిట్టను? కానీ పండక్కి వెళ్ళను. కేకు పంపించి జ్వరమని ఫోన్ చేయిస్తాను. కుండ బీరువా మీద పెట్టాను. చూసినప్పుడల్లా చేప వాసన వస్తోంది.

ఇట్లు,
లువా


బావ్ ట్రుక్,
అక్టోబరు 22.

పిచ్చిదానా,

కూర్చోవడానికి తీరిక లేక నిలబడే రాస్తున్నాను, రేపు కుండల కాల్పు ఉంది.

కుండ కిందికి దించు. చెయ్యి లోపల పెట్టు. కళ్ళతో కాదు, మెడ సన్నం, చీకటి, ఏమీ కనబడదు. వేళ్ళతో వెతుకు.

నీ ఉత్తరం చదివి రాత్రంతా ఆ సాయంత్రం నేను చేసిన పని మళ్ళీ మొదటి నుంచి గుర్తు చేసుకున్నాను. మెత్తింది బయట. గీసింది బయట. తుడిచింది బయట. లోపల మెడ కింద నాలుగు వేళ్ళ మేర సరిచేశాను, అంతే. అడుగు భాగం ముందు చేస్తాం కాబట్టి ముందే గట్టిపడుతుంది, దాన్ని కదిపితే కుండ చీలుతుందని ముట్టుకోలేదు. మీ అక్క లోపలి నుంచి నొక్కితే నువ్వు బయటి నుంచి నొక్కావని నువ్వే రాశావు కదా? ఉన్నాయేమో వెతుకు. ఉన్నాయని ఒట్టు మాత్రం వేయను. ఒట్లు మానేశాను.

రెండో మాట. జ్వరం అని ఫోన్ చేయించావంటే ఊరుకోను. మనిద్దరికీ ఈ ఏటికి సరిపడా అబద్ధాలు అయిపోయాయి. నేను గుళ్ళో తల వంచుకుని నిలబడ్డ దాన్ని, చెప్తున్నాను విను. చెప్పేశాక మెడ నొప్పి పోయింది. వెళ్ళు. పెద్దదాన్ని చెప్తున్నాను, వెళ్ళు.

దాప్


తుయ్ హోవా,
నవంబరు 18.

దాప్ అక్కా,

నువ్వు అనే రాస్తున్నాను. సొంత అక్కని మీరు అనే అలవాటు మా ఇంట్లో లేదు.

ముందు ఒక సంగతి. నీ ఉత్తరం వచ్చిన రోజే కుండ దించాను. నా చెయ్యి పట్టలేదు. సీళ్ళు కొట్టీ కొట్టీ నా కణుపులు వాచిపోయాయి, మెడ దగ్గరే ఆగిపోయింది. కోడలి చెయ్యీ పట్టలేదు, మా ఇంట్లో అందరివీ మొద్దు చేతులే. పక్కింటి పాపని పిలుద్దామని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. లోపల ఏమీ లేదని తెలిస్తే నేను వెళ్ళేదాన్ని కాదు. అందుకని తెలుసుకోకుండానే వెళ్ళాను.

బస్సులో మూడు గంటలు కుండని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు, "ఎంత బాగుందమ్మా, ఎక్కడ కొన్నారు?" అన్నాడు. దిగిపోదామనిపించింది.

అక్క ఇంటి నిండా జనం. హాలు మధ్యలో పెద్ద కుర్చీ, అందులో ఎర్ర పట్టు అంగీ తొడుక్కుని, ఎర్ర తలపాగా చుట్టుకుని అక్క. కొడుకులూ కోడళ్ళూ వరసలో టీ కప్పులు అందిస్తున్నారు. నేను గుమ్మం బయటే ఆగాను. ఆమె నన్ను చూసింది, కుండని చూసింది. చాలాసేపు కుండనే చూసింది.

"ఇదీ బజారుదేనా?" అంది.

అక్కా, ఆ క్షణంలో జ్వరం నిజంగానే వచ్చింది. బస్సులో పాఠంలా తయారు చేసుకున్నదంతా మర్చిపోయాను. నోటికొచ్చింది చెప్పాను.

"చేప బజారుదే. నాది మాడిపోయింది. నువ్వు చెప్పింది నిజం, నేను వేసింది దొంగ ఒట్టు. అమ్మ ముందే వేశాను. ఈ కుండ మాత్రం మనదే. దాప్ అక్క మనసాగక బయటంతా దిద్దేసింది. లోపల మన వేళ్ళు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నా చెయ్యి పట్టలేదు."

అక్క చెయ్యి చాచింది. నేను గుమ్మం తొక్కానో లేదో గుర్తు లేదు, ఆమె ఒళ్ళో కుండ పెట్టాను. ఆమెవి మిషను చేతులు, సన్నవి. వేళ్ళు దగ్గరగా ముడిచి, మెల్లిగా తిప్పుతూ, మణికట్టు దాటి లోపలికి పోనిచ్చింది. కళ్ళు మూసుకుంది. భుజం మాత్రం కదులుతోంది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"ఒకటి," అంది. కాసేపాగి, "రెండు. గీత ఉంది. ఇది నాదే." ఇంకా లోతుకి పోయింది. "ఇదేంటి, ఇంత వెడల్పు? ఇది నీది, ఎనుబోతుది."

నాకు ఏడుపు వచ్చేసింది. ఆమెకీ వచ్చింది గానీ తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఖాళీ లేదు. ఎడమచేత్తో తుడుచుకుంటే తలపాగా జారి ముక్కు మీదికి వచ్చింది. అప్పుడు అందరూ నవ్వారు, మేమూ నవ్వాం.

తర్వాత తెలిసింది, చెయ్యి బయటికి రావడం లేదని. లాగితే రాదు, తిప్పితే రాదు. మూతి అంత గుండ్రంగా, అంత బిగువుగా చేసింది ఎవరో నీకు నేను చెప్పక్కర్లేదు. అక్క పెద్దకొడుకు వంటింట్లోంచి సుత్తి తెచ్చాడు.

"దాని మీద సుత్తి పడిందంటే నీ నెత్తి మీద పడుతుంది, జాగ్రత్త!" అని అరిచింది అక్క. "కావాలంటే చేయి కోసేయండి. కుండ జోలికి రావద్దు."

అక్క కోడలు నూనె తెచ్చి మెడ చుట్టూ పోయడం మొదలుపెట్టింది. చుట్టాలంతా చుట్టూ చేరి తలా ఒక సలహా ఇస్తున్నారు. డెబ్బయ్యో ఏడు పండగలో పెద్దావిడకి టీ అందించాల్సిన వాళ్ళు ఆమె చేతికి నూనె రాస్తున్నారు. ఆ గోలలో అక్క ఎడమచేత్తో నా చెవి పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఆ రోజే అడుగుదామనుకున్నానే," అంది చెవిలో. "నేను బజారుది అన్నానా, బాగాలేదు అన్నానా? అమ్మ వండినదానికంటే బాగుందే అది. నువ్వు వండానని ఊరుకుంటే ఎలా వండావని అడిగేదాన్ని, కొన్నానంటే ఎక్కడ కొన్నావని అడిగేదాన్ని. నువ్వు ఒట్టేసి కూర్చున్నావు. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి కొట్లోనూ కొని తిన్నాను, ఎక్కడా ఆ రుచి లేదు. ఇప్పుడైనా చెప్పవే. ఏ కొట్టు?"

"మా ఊరి రేవు దగ్గర, నీలం తలుపు కొట్టు," అన్నాను.

అప్పుడు ఊడి వచ్చింది చెయ్యి.

నీ చెల్లెలు,
లువా